దూలాన్ని జరిపిన చెయ్యి

స్క్రూ మళ్ళీ జారింది. ఈసారి బల్ల కింద రంపపు పొట్టులోకి పోయింది, నిస్సీ పళ్ళు పటపట కొరికింది. మే నెలలో మైదుకూరు రేకుల షెడ్డులో ఫ్యాను లేకుండా ఏ మనిషి చెయ్యీ పొడిగా ఉండదు, తడి చేతిలో బియ్యపు గింజంత స్క్రూ నిలవదు, కరెంటు పొద్దుననగా పోయింది. లైను మరమ్మతు, మధ్యాహ్నానికి ఇచ్చేస్తామన్నారు. మధ్యాహ్నం వచ్చి నెత్తిమీద కూర్చుంది, కరెంటు మాత్రం రాలేదు. ఎండ తగ్గగానే సంఘం పెద్దలు వస్తారు. వాళ్ళ కళ్ళ ముందు మిషన్ మర్యాదగా నడిస్తే సరి, లేకపోతే బల్ల మీదున్న ఈ టేకు తలుపు రెక్కను ఆటోలో వేసుకుని కడపలో ఏదో అంగడికి తీసుకుపోతారు, మిషన్ ఈ షెడ్డులోంచి బయటికి పోతుంది. నిన్న చర్చి మెట్ల మీద నిలబడి జయకుమార్ పెద్దాయన చెప్పిన మాట ఇది. ఆమెతో చెప్పలేదు, ఆమె పక్కనున్న గోడతో చెప్పినట్టు చెప్పాడు. "ఆ పాప మిషను మనిషిని తినింది, చెక్కను తినింది. ఇంగ దేన్ని తినాల?" అని. నవ్వినవాళ్ళున్నారు. ఎవరెవరు నవ్వారో నిస్సీకి గుర్తుంది, ఒక్కొక్క ముఖమూ గుర్తుంది, ఈ చెమటలో ఆ ముఖాలన్నీ కారిపోతే బాగుండును గాని కోపం చెమటలాగా కారేది కాదు.

మోకాళ్ళ మీద వంగి పొట్టును గాలిస్తూ ఆమె స్క్రూ కోసం వెతికింది. చేతికి పాత రిబ్బను ముక్క తగిలింది. ఎర్ర రిబ్బను, ఒక కొస కత్తిరించినట్టు నున్నగా ఉంది, ఇంకో కొస పీచులు పీచులుగా చిరిగి ఉంది. ఇన్నాళ్ళు ఊడ్చినా ఇది ఎక్కడ దాక్కుందో. దాన్ని చూడగానే చెవుల్లో మళ్ళీ ఆ కీర్తన, ఆ చప్పట్లు, వాటి వెంటనే మోటార్లు గొంతు పట్టేసిన కుక్కలాగా గుర్రుమన్న చప్పుడు. రిబ్బనును గట్టిగా విసిరేసింది. రిబ్బనుకు బరువెక్కడిది, గాల్లో తేలి మళ్ళీ ఆమె కాళ్ళ దగ్గరే పడింది. దాని మీద కూడా కోపమొచ్చింది.

మిషన్ ఆమె కట్టుకున్నదే. డిప్లొమా అయ్యాక ఊళ్ళో అందరూ ఏదో ఒక ఆఫీసు పేరు చెప్పి అక్కడ చేరమన్నారు, ఆమె నాయన వడ్రంగి షెడ్డుకు ఆనుకుని ఉన్న ఈ వసారాలో చేరింది. అడుగున గట్టి చెక్క బల్ల, రెండు పక్కలా అల్యూమినియం పట్టాలు, వాటి మీద ముందుకూ వెనక్కూ జారే అడ్డ కడ్డీ, ఆ కడ్డీకి వేలాడుతూ గిర్రున తిరిగే మోటారు, దాని మూతికి కొరికే బిట్టు. లాప్‌టాప్‌లో బొమ్మ గీసి ఇస్తే చెక్క మీద చెక్కి పెడుతుంది. అడ్డ కడ్డీని గాంట్రీ అంటారని ఆమె వీడియోల్లో నేర్చుకుంది. నాయన దావీదురాజు దాన్ని చూసిన మొదటి రోజే "దూలం బాగుండాది పాపా" అన్నాడు, అంతే, అప్పటినుంచి అది దూలమే. అన్నీ కుదిరాయి, ఒక్కటే కుదరలేదు. తాను ఎక్కడున్నదీ ఆ దూలానికి తెలియదు. కళ్ళకు గంతలు కట్టుకుని ఇంట్లో నడిచే మనిషిలాగా అడుగులు లెక్కపెట్టుకుంటుంది, ఇన్ని అడుగులు వేశాను గనక వంటింట్లో ఉన్నాను అనుకుంటుంది. మధ్యలో ఎవరైనా పట్టుకుని పక్కకు తోసేస్తే దానికి తెలియదు, వంటింట్లోనే ఉన్నాననుకుని పోయి గోడకు గుద్దుకుంటుంది. అందుకే స్విచ్చులు. పట్టాల చివరన ఒక్కొక్కటి, అగ్గిపెట్టెలో సగం కూడా లేని నల్ల డబ్బా, పైన సన్నటి రేకు నాలుక. మిషన్ పెట్టగానే దూలం మెల్లగా పోయి మూలలో ఉన్న నాలుకను తాకాలి, టిక్కుమనాలి, ఇదిగో ఇదే నా మూల, ఇక్కడినుంచి లెక్క అని తెలుసుకోవాలి. అవతలి చివర స్విచ్చి ఇంకో పనికి. ఏ కారణం చేతనైనా దారి తప్పి అటు పోతే, నాలుక నొక్కుకోగానే ఉన్నచోటే ఆగిపోవాలి. ఇంతే. ఈ నల్ల డబ్బాలు వచ్చేదాకా మిషన్ జోలికి రావద్దని ఆమె చెప్పింది. నోరు నొప్పి పుట్టేలా చెప్పింది. విన్నదెవరు?

ఏసుకుమార్ వినలేదు. తోడబుట్టిన అన్న, సంఘంలో యువకుల నాయకుడు, వ్యాను నడుపుతాడు, ఊళ్ళో ఏ కార్యక్రమమైనా ముందు తన గొంతే వినపడాలి. ప్రతిష్ఠ ప్రార్థనకు తేదీ పెట్టేసి వచ్చాడు. కొత్త బండి కొన్నా, బోరు వేసినా, కుట్టుమిషన్ తెచ్చుకున్నా అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించి తన చేత్తో మొదలుపెట్టాలి, అది వాళ్ళ వాడలో మామూలే, ఆమెకూ దాని మీద కోపం లేదు. ఆమె అడిగిందల్లా స్విచ్చులు వచ్చేదాకా ఆగమని. "స్విచ్చులు తర్వాత పెట్టుకుందువులేమ్మా, అయ్యగారు మళ్ళా దొరకరు. అయినా ప్రార్థన చేసినాక దానికి ఏమైతాది?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఆమె ఎడమ చెవిలో ఈగలాగా తిరుగుతుంది. అయ్యగారు పాపం మంచి మనిషి, ఏ మీట నొక్కమంటే ఆ మీట నొక్కాడు, ఆ తర్వాత ఆస్పత్రి వరండాలో నేల మీద కూర్చుని ఏడ్చాడు కూడా.

స్క్రూ దొరికింది. నోట్లో పెట్టుకుంది, ఉప్పగా ఉంది. గోడ అవతల అల్లా బాషా మోటార్ల వైండింగ్ షాపులో గిన్నెల చప్పుడైంది, భోజనం చేస్తున్నట్టున్నారు. రేకు సందులోంచి బాషా గొంతు వచ్చింది.

"ఏం పాపా, ఉండావా, ఉడికినావా?"

"ఉడుకుతాండా మామా."

"కరెంటోళ్ళకు ఫోన్ జేస్తే ఇంగ గంట అంటాండ్రు. వాళ్ళ గంట మన గంట ఒగటి గాదులే. ఆ తీగలు మోటారు పక్కన పోనీగాకు, చెప్పినా గదా."

"దూరంగానే లాగినా మామా."

"కోపంలో బిగించిన స్క్రూ పగులుతాది. కాస్త సల్లగా తిప్పు" అన్నాడు. ఆయన భార్య గుల్షన్ బీ నవ్వు వినపడింది, "నువ్వు సల్లగా తిప్పినవి ఎన్ని కాలినాయో చెప్పు ముందు" అంటూ. నిస్సీకి నవ్వు రాబోయింది. రానివ్వలేదు. ఇవాళ నవ్వకూడదు. నవ్వితే చేతుల్లో ఉన్న పట్టు సడలుతుంది.

తీగను కొలిచి కత్తిరించింది. మంచి తీగ, పైన వెండి జాలి అల్లినది, మోటారు చేసే గోల లోపలికి రాకుండా ఆ జాలి కాపాడుతుంది. లేకపోతే ఎవరూ నొక్కకుండానే స్విచ్చి నొక్కారనుకుని మిషన్ బెదిరి ఆగుతుంది. ఈ తీగ ఊళ్ళో దొరకదు. మొన్న పొద్దున గడప మీద చుట్టగా పెట్టి ఉంది. కడప నుంచి తెచ్చి అక్కడ పెట్టిపోయింది ఎవరో ఆమెకు తెలుసు, తీసుకుంది, థ్యాంక్స్ చెప్పలేదు. ప్రతిష్ఠ జరిగిన ఆ ఆదివారం నుంచి ఆమె అన్నతో మాట్లాడటం లేదు. అమ్మ మధ్యలో పళ్ళెం పట్టుకుని అటొక మాట ఇటొక మాట మోస్తుంది. ఒక తీగ చుట్ట తెచ్చి గడప మీద పెడితే తెగిన వేళ్ళు అతుక్కుంటాయా? స్విచ్చిని ఆమె కావాలనే తలకిందులుగా కలిపింది. మామూలప్పుడు తీగలో కరెంటు పారుతూనే ఉంటుంది, నాలుక నొక్కినప్పుడు తెగుతుంది. అలాగైతే ఎలుక తీగ కొరికినా, ముడి ఊడినా మిషన్ ఆగుతుంది తప్ప గుడ్డిగా నడిచిపోదు. సందేహం వస్తే ఆగాలి, అంతే కదా, ఇంత చిన్న సంగతి ఒక నల్ల డబ్బాకు నేర్పడం ఇంత సులువైనప్పుడు ఆరడుగుల మనిషికి నేర్పడం ఎందుకు చేతకాలేదు ఈ ఊరికి?

ఆమె మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చేది అక్కడికే. దూలం ఎవరు జరిపారు? ఎవరు జరిపారని అడగడం ఎందుకు, తెలిసిందే. ఆ రోజు పొద్దున ఆమె బిట్టును తలుపు రెక్క ఇవతలి మూలకు, లాప్‌టాప్ ఉన్న వైపుకు తెచ్చి, ఇదే మొదటి చుక్క అని మిషన్‌కు చెప్పి పెట్టింది. జనం వస్తారు, పిల్లలు ముట్టుకుంటారని మోటార్లకు కరెంటు ఆపేసింది. జాగ్రత్త కోసమే ఆపింది. కాని మోటార్లు నిద్రపోయినా లాప్‌టాప్‌కు తగిలించిన బోర్డు మెలకువగానే ఉంటుంది, నేను ఇవతలి మూలనే ఉన్నానని గుర్తుపెట్టుకునే ఉంటుంది. మోటార్లలో పట్టు లేనప్పుడు దూలాన్ని చంటిపిల్లవాడైనా ఒక్క వేలితో జరపగలడు. ఆమె లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చేసరికి వసారా నిండా జనం, దూలం మీద బంతిపూలు, ఏసుకుమార్ ఒక చెయ్యి దూలం మీద వేసి ఇంకో చేత్తో రిబ్బను కడుతున్నాడు, "ఫోటోలో అందరూ పడాల, జరగండప్పా" అని అరుస్తున్నాడు. కీర్తన మొదలైంది, ప్రార్థన అయింది, రిబ్బను తెగింది, మోటార్లకు మళ్ళీ కరెంటు వచ్చింది, అయ్యగారి వేలు మీట మీదికి పోయింది. దూలం ఎక్కడుందో చూడటానికి ఆమెకు బంతిపూలు అడ్డం, జనం అడ్డం, కట్టుకున్న చీర అడ్డం. మిషన్ తాను ఇవతలి మూల ఉన్నాననుకుంది. ఉన్నది అవతలి చివర. అక్కడినుంచి ఇంకా ముందుకు పోవాలని పరుగెత్తింది, పట్టా చివర గుద్దుకుంది, బెల్టు పళ్ళు తప్పాయి, మోటార్లు గుర్రుమన్నాయి, లెక్క పోయింది. లెక్క పోయిన మిషన్ బిట్టును కిందికి దించి వెనక్కి తిరిగింది, తలుపు రెక్క మీద అడ్డదిడ్డంగా, పిచ్చి పట్టిన నాగలి లాగా.

ఆ తలుపు రెక్క మామూలు చెక్క కాదు. పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టినప్పుడు నాయన రెండు తలుపు రెక్కలూ ఇంటికి మోసుకొచ్చాడు. ఆయన తాత చెక్కినవి. అప్పటి దొరగారు తలుపు మీద ద్రాక్ష తీగ చెక్కమన్నాడట. తాత జన్మలో ద్రాక్ష చూడలేదు. చూడనిది చెక్కితే అబద్ధం చెక్కినట్టు అవుతుందని తనకు తెలిసిన జొన్న కంకులు చెక్కాడు, తలుపు కింది భాగంలో, పిల్లల చేతికి అందే ఎత్తులో. తరాల తరబడి పిల్లలు ఆ గింజలు తడిమి తడిమి నున్నగా చేశారు, నిస్సీ కూడా తడిమింది. ఆ రెక్కలు రెండూ కలిపి కొత్త చర్చికి ప్రభువు బల్ల చేయాలని, పాత కంకులు అలాగే ఉంచి మిగిలిన జాగాలో అదే వరస కంకులు మిషన్‌తో చెక్కాలని సంఘమంతా ఒప్పుకుంది. ఆ కంకుల మీదికే బిట్టు పోయింది. నాయన చెయ్యి చాపింది దూలాన్ని ఆపడానికి కాదు. జనం అలా అనుకుంటున్నారు, పెద్దాయన అలా చెబుతున్నాడు. ఆమె చూసింది. ఆయన కంకుల మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పొయ్యి వైపు పాకే పిల్లాడి ముందు అరచెయ్యి పెట్టినట్టు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు. ఉలి పట్టే వేళ్ళు.

ఆస్పత్రి వరండాలో ఆమె అన్న చొక్కా పట్టుకుని అడిగింది. "దూలం నువ్వే జరిపినావు గదా? ఫోటో కోసం? చెప్పు." ఏసుకుమార్ ఆమె వైపు చూడలేదు. వార్డు తలుపులోంచి లోపల మంచం వైపు చూస్తూ, "అవునులే, నేనే జరిపినా అనుకో" అన్నాడు. అనుకో! వేళ్ళు పోయినాక కూడా ఆ పొగరు చూడు. తప్పు చేశానని చెప్పడానికి కూడా ఒక తోక తగిలిస్తాడు. ఆ ఒక్క తోక ముక్క మీదే ఆమె ఇన్ని రోజులు కోపం పెంచుకుంది, నీళ్ళు పోసి పెంచుకుంది. నాయన మీద ఇంకో రకం కోపం. ఆయన ఎవరినీ ఏమీ అనడు. "పోయినవి నా వేళ్ళే గదా, నీవి గాదు గదా" అంటాడు. కట్టు విప్పిన దగ్గరనుంచి పొద్దున్నే లేచి షెడ్డులో కూర్చుని ఉలిని బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి పట్టడం నేర్చుకుంటున్నాడు, ఉలి జారుతుంది, మళ్ళీ పడతాడు, జారుతుంది. ఒక్కసారి గట్టిగా తిట్టొచ్చు కదా. కొడుకునైనా, కూతురినైనా, దేవుడినైనా.

చివరి స్క్రూ బిగిసింది. అవతలి స్విచ్చి నాలుకను వేలితో నొక్కి చూసింది. టిక్కు. చిన్న చప్పుడు, ఎంత చిన్న చప్పుడు. ఇది ఆ ఆదివారం ఉండి ఉంటే. గొంతు ఎండిపోయింది. లేచి వెనక వాకిట్లో తొట్టి దగ్గరికి పోయి చెంబు ముంచుకుని తాగింది, మిగిలినవి ముఖాన చల్లుకుని మళ్ళీ ముంచుకుంది. కర్నూలు రోడ్డు మీద లారీలు పసుపు మూటలతో పోతున్నాయి, ఆ ఘాటు ఇక్కడిదాకా వస్తోంది. చిన్నప్పుడు నాయన ఇదే వాకిట్లో ఆమెకు ఒక ఆట నేర్పాడు. కళ్ళు మూసుకుని చెక్కను చేత్తో తడిమి ఏది వేరు పక్కో ఏది కొస పక్కో చెప్పాలి. కోసి పలక చేసినా చెట్టు చెట్టేనని, వాకిలి చట్రం నిలబెడితే వేరు పక్క నేలను చూడాలని, తల్లకిందులుగా నిలబెట్టిన ఇంటికి పోయి ఆయన మంచినీళ్ళు కూడా తాగడని ఊరంతా ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె ఎప్పుడూ సరిగ్గా చెప్పేది. అన్న ఎప్పుడూ తప్పు చెప్పేవాడు. అప్పటినుంచీ అంతే వాడు.

చెంబుతో వసారా గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

లోపల నాయన ఉన్నాడు. భుజం మీది తువ్వాలుతో తలుపు రెక్క మీది దుమ్ము తుడుస్తున్నాడు, మంచం మీద పడుకున్న మనిషి ముఖం తుడిచినంత మెల్లగా. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నాడో కంకులు లెక్కపెట్టుకుంటున్నాడో. అరచెయ్యి పలక మీద ఒకసారి నిలువునా పోనిచ్చాడు, ఆ చివర ఆగాడు, తల ఊపుకున్నాడు. తర్వాత ఎడమచెయ్యి దూలం మీద వేశాడు. లేగదూడను కట్టుగొయ్య దగ్గరికి నడిపించినట్టు, దూలాన్ని ఇవతలి మూల నుంచి అవతలి చివరకు మెల్లగా జరిపాడు. అక్కడ నిలబెట్టాడు. దూలాన్ని ఒకసారి తట్టాడు.

నిస్సీ చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు పాదాల మీద పడ్డాయి. ఇవతలి మూల నుంచి అవతలి చివరకు. ఫోటో కోసమైతే మధ్యలో నిలబెట్టాలి. ఏసుకుమార్‌కు అందరూ ఫోటోలో పడాలి, వాడైతే మధ్యలో నిలబెట్టేవాడు. ఆ రోజు దూలం మధ్యలో లేదు. ఉన్నది అవతలి చివర. ఇన్ని రోజులు బుర్రలో తిప్పి తిప్పి చూసుకుంది, బెల్టు పళ్ళు లెక్కపెట్టింది, ఈ ఒక్కటి కళ్ళముందే ఉండి కనపడలేదు. ఎందుకు కనపడలేదు? కోపం చూడనివ్వలేదు.

"నాయనా" అంది. "ఏం చేస్తాండావు?"

"ఏం లేదు పాపా. పనిముట్టు కొస పక్కన నిలబడి ఉండాది, వేరు పక్కకు తెచ్చి పెట్టినా. పని ఎత్తుకునే ముందు ముట్టు వేరు పక్కనే ఉండాల గదా." ఆయన నవ్వాడు. "ఆ పొద్దు గూడా ఇట్లనే ఉండె, నేనే తెచ్చి పెడితి. నువ్వు చీర కట్టుకోను పోయింటివి. తొందరలో నీకు జ్ఞాపకం ఉండదులే."

వీధి వాకిలి దగ్గర నీడ కదిలింది. ఏసుకుమార్ నిలబడి ఉన్నాడు. ఆ మాట విన్నాడు. చెల్లెలి ముఖం చూశాడు, తల అడ్డంగా ఊపాడు, వద్దు, వద్దు అన్నట్టు. ఆమె విసురుగా వెనక వాకిట్లోకి నడిచింది. వాడు చుట్టు తిరిగి వెనకే వచ్చాడు.

"నీకు తెలుసు."

"చూసినా."

"మరి నేనే అని ఎందుకంటివి?"

"అవునంటే ఆడికి సరిపాయ. లేదంటే మరి ఎవురు అని అడుగుతావు. నిన్ను నేనెరగనా?"

"నాయనకు తెలుసా?"

"తెలీదు. మిషనుకు పిచ్చి పట్టింది అనుకుంటాండాడు. తన చెయ్యే అని తెలిస్తే ఆ మిగిలిన వేళ్ళతో ఇంగ ఉలి పడతాడా ఆయప్ప?"

ఆమె చేతిలో ఇంకా స్క్రూడ్రైవరు ఉంది. దాని పిడితో అన్న భుజం మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. "కొట్టుకో" అన్నాడు ఏసుకుమార్. "మొన దిక్కు మాత్రం తిప్పొద్దు, వ్యాను తోలాల." ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి గొంతులో అడ్డం పడ్డాయి, రెండూ రాలేదు, కోపమే వచ్చింది. ఇది కొత్త కోపం, ఎవరి మీద పెట్టాలో తెలియని కోపం. ఒక్క మాట. పాపా, ముట్టు కొస పక్కన ఉంది, అని ఒక్క మాట అని ఉంటే పలకను అటుదిటు తిప్పేసి ఉండేది. ఎంత సేపు? బల్లకు బిగించిన రెండు పట్టీలు వదులు చేసి ఇద్దరు చెరో పక్క ఎత్తితే అయిపోయే పని. మిషన్‌కు ఏ పక్కైనా ఒకటే! ఆమెకు తెలియదా ఏది వేరు పక్కో? కళ్ళు మూసుకుని చెప్పేది. తెలిసీ, మిషన్‌కు ఏం తేడా అని ఇష్టమొచ్చినట్టు పడుకోబెట్టింది. ఆయన తనకు తెలిసింది ఆమెకూ తెలుసుననుకుని చెప్పలేదు. ఆమె తనకు తెలిసిన సంగతి, దూలం ముట్టుకోవద్దన్నది, ఊరందరికీ చెప్పింది, ఆయనకు మాత్రం ప్రత్యేకంగా చెప్పలేదు, నాయనకు పనిముట్టు గురించి నేనేం చెప్పేది అని. వీడేమో నోరు కుట్టుకుని ఇన్ని రోజులు ఆమె చేత గడ్డి పెట్టించుకున్నాడు, అదేదో పుణ్యకార్యం అయినట్టు. అందరూ ప్రేమే. ఈ ఇంట్లో అందరికీ ప్రేమే, ఒక్కరికీ నోరు లేదు.

"వచ్చిందమ్మో!" గోడ అవతల నుంచి బాషా కేక. వసారాలో ఫ్యాను కిర్రుమని తిరిగింది.

ఆమె లోపలికి పోయి పట్టీలు వదులు చేసింది. "అట్ల పట్టు" అంది అన్నతో. ఆ ఆదివారం తర్వాత వాడికి పని చెప్పడం అదే మొదలు. ఇద్దరూ రెక్కను ఎత్తి తిప్పారు, వేరు పక్క ఇవతలికి, లెక్క మొదలయ్యే స్విచ్చి ఉన్న మూలకు వచ్చింది. నాయన దూరంగా గుమ్మంలో నిలబడి, "ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉండాది" అన్నాడు. మిషన్‌కు కరెంటు పెట్టగానే ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు, కుడిచెయ్యి చంకలో దాచుకున్నాడు. ఆ దాచుకోవడం చూస్తే నిస్సీకి కళ్ళు మండాయి.

"ఈడికి రా నాయనా."

"నేనెందుకులే పాపా."

"రమ్మంటే రా!" అరిచింది. ఆయన వచ్చాడు. ఆమె ఆయన కుడిచెయ్యి పట్టుకుని పట్టా చివర ఉన్న స్విచ్చి దగ్గర పెట్టింది. "దూలం వస్తాండాది. నీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఈ నాలుక నొక్కు." బిట్టు తిరగడం లేదు, దూలం మాత్రం బల్ల మీదుగా నిదానంగా ఆయన వైపుకు బయలుదేరింది. ఉంగరపు వేలు నాలుక మీద పడింది. టిక్కు. దూలం ఉన్నచోటే నిలిచిపోయింది. "ఇంగోసారి తోలు" అన్నాడు దావీదురాజు. ఇంకోసారి. మళ్ళీ ఇంకోసారి, ఈసారి కాస్త ఆలస్యంగా, దగ్గరిదాకా రానిచ్చి, పొగరుబోతు ఎద్దును పరీక్షించినట్టు. "ఓరి దీని పాసుగూల, మాట ఇంటాండాదే!" అన్నాడు.

వీధిలో ఆటో ఆగింది. జయకుమార్ పెద్దాయన, వెనక ఇంకో ఇద్దరు పెద్దలు. అయ్యగారు రాలేదు. పెద్దాయన చెప్పులు బయట విడిచి, చేతులు వెనక కట్టుకుని మిషన్ చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. స్విచ్చులు చూశాడు. "ఇవన్నీ సరేగాని, ఒక మాట. ఆ పొద్దు దూలం ఎవురో జరిపినారని బాషా చెప్తాండాడు. ఎవురో జరపబట్టే ఇంత పని జరిగిందని. ఎవురప్పా జరిపింది? అది తేలకుండా నేను సంఘానికి ఏం చెప్పేది?"

దావీదురాజు తల ఎత్తాడు. "దూలమా? దూలం ఆ పొద్దు..."

"నేనే!" నిస్సీ కేక రేకులకు తగిలి తిరిగొచ్చింది.

"కాదు పెద్దాయనా, నేను. ఫోటో కోసం" అన్నాడు ఏసుకుమార్ అదే ఊపిరిలో.

"నువ్వు నోర్ముయ్! నేనే జరిపినా. జరిపి మర్చిపోయినా. రాసుకుంటావా పెద్దాయనా? పో, సంఘానికి చెప్పుకోపో. మెట్ల మీద నిలబడి చెప్పు!"

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. దావీదురాజు కొడుకును చూశాడు. కూతురిని చూశాడు, ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి. బల్ల మీద తిప్పి పెట్టిన తలుపు రెక్కను చూశాడు, ఏది ఏ పక్కకు తిరిగిందో చూశాడు. చివరికి తన కుడిచేతిని ముఖం ముందుకు తెచ్చుకుని, లేని రెండు వేళ్ళ చోటును చూసుకున్నాడు.

ఆయన ముందుకు వచ్చి, గోడకున్న మోటార్ల మీట తనే ఆపాడు. అదే కుడిచేతిని, మిగిలిన వేళ్ళతో, అందరూ చూస్తుండగా దూలం మీద వేశాడు. దాన్ని అటు తోశాడు, ఇటు లాగాడు, ఏ లెక్కా లేకుండా ఎక్కడో మధ్యలో వదిలేశాడు. మీట మళ్ళీ వేశాడు.

"నొక్కు పాపా" అన్నాడు.

ఆమె నొక్కింది. వేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కింది. బిట్టు ముందు పైకి లేచింది. దూలం కదిలింది, ఎవరు ఎక్కడికి తోశారో అడగకుండా, ఇవతలి మూలకు, వేరు పక్కకు. టిక్కుమంది. కాస్త వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయి, ఈసారి చాలా మెల్లగా, తాకింది.